కేస్ షీటులో లేని రాత్రి

రోగులు తమ అనుభవాలను చెప్పుకునే తీరు నుంచి నర్సులు ఏం నేర్చుకోవచ్చునో రాయమని కిందటి సంచికలో అడిగినందుకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటిని కుదించి, రాసినవారిని గానీ వారి ఆసుపత్రులను గానీ గుర్తుపట్టే వివరాలు తీసివేసి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: ఆరేళ్ళుగా సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇకమీదట డిశ్చార్జి అయ్యే రోగులతో కాసేపు కూర్చుని, వారి అనుభవం అడిగి రాసిపెట్టాలని మా ఇన్‌ఛార్జి సిస్టర్ చెప్పారు. నాడి, బీపీ, జ్వరం, ఇచ్చిన మందులు, వచ్చిన మూత్రం అన్నీ కేస్ షీటులో ఉండనే ఉన్నాయి. వాటిలో దొరకనిది రోగి కబుర్లలో ఏం దొరుకుతుంది?

జవాబు: మీ ప్రశ్నలో కొంచెం విసుగు ఉంది గానీ అన్యాయం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే అనుకునేదాన్ని. నా అభిప్రాయం మారడానికి ఒక పెద్దావిడ కారణం.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఆవిడ మా వార్డులో ఏడో నంబరు మంచం మీద ఉండేవారు. నాలుగో రోజు ఉదయానికి ఆమెకు మూత్రం బాగా తగ్గిపోయింది, నాలుక ఎండిపోయింది, మాటలో కాస్త తికమక మొదలైంది. ముందురోజు రాత్రి నోట్సులో మాత్రం “ప్రశాంతంగా నిద్రపోయారు, ఫిర్యాదులేమీ లేవు” అని ఉంది. డాక్టరుగారు రక్తపరీక్షలు రాసి, సెలైను ఎక్కించమన్నారు. మేమందరం మూత్రపిండాల గురించే ఆలోచిస్తున్నాం. రెండు రోజులకు ఆమె తేరుకున్నారు. ఆ మధ్యాహ్నం నేను తల దువ్వుతుంటే, ఏదో మాటల సందర్భంలో, తనంతట తానే అసలు సంగతి చెప్పారు. ఆపరేషనైన మొదటి రాత్రి బెడ్‌పాన్ కోసం రెండుసార్లు బెల్ నొక్కారట. రెండోసారి నొక్కినప్పుడు నర్సుల టేబుల్ దగ్గర నుంచి “మళ్ళీ ఏడో నంబరేనా?” అన్న మాట వినబడిందట. “పాపం, మీకూ నడుము నొప్పులుంటాయి కదమ్మా! అందుకే పొద్దు వాలగానే నీళ్ళు మానేసేదాన్ని. తాగకపోతే అడిగే పనే ఉండదు కదా” అన్నారు. రాత్రుళ్ళు ఆమె నిద్రపోలేదు. కదిలితే మంచం చప్పుడై పక్కవాళ్ళు లేస్తారని కళ్ళు మూసుకుని అలాగే పడుకున్నారు. దాన్నే మేము ప్రశాంతమైన నిద్ర అని రాసుకున్నాం. ఆ మొదటి రాత్రి డ్యూటీలో ఉన్న ఇద్దరిలో నేనొకదాన్ని. ఆ మాట అన్నది నేనే అయినా కావచ్చు. నాకు గుర్తు లేదు, ఆవిడకు గుర్తుంది.

ఇప్పుడు కేస్ షీటు సంగతి చూడండి. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. మూత్రం ఎంత వచ్చిందో సరిగ్గానే కొలిచాం, సెలైను వేళకే పెట్టాం. అయితే మేము చేసింది ఏమిటో అందులో ఉంది గానీ, అది ఆమెకు ఎలా అందిందో లేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వార్డులో మనం చేసే పొరపాట్లన్నిటికంటే సులువైనది, ఎందుకంటే దాన్ని పొరపాటుగా చూపించే కాగితం ఎక్కడా ఉండదు.

ఆ తర్వాత మా వార్డులో మూడు మార్పులు చేశాం. మంచం దిగలేని రోగులకు రాత్రి భోజనం తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, నడిరేయి దాటాక మెలకువగా ఉంటే ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, వారు అడగకముందే బెడ్‌పాన్ కావాలా అని మేమే అడగడం మొదలుపెట్టాం. నీళ్ళ గ్లాసును నొప్పి లేని వైపున, చెయ్యి చాస్తే అందేచోట పెట్టడం అలవాటు చేసుకున్నాం. అంతకుముందు అది స్టూలు ఎటు ఖాళీగా ఉంటే అటు ఉండేది. మంచం నంబరుతో మనిషిని పిలవడం మానేశాం. ఈ మూడోది అన్నిటికంటే కష్టమైంది, చాలాకాలం పట్టింది. వయసు మళ్ళినవారిలో ఒంట్లో నీరు తగ్గితే తికమక రావడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం మీరు చదువుకున్నదే. కాని “ఈమె నీళ్ళు ఎందుకు తాగడం లేదు?” అన్న ప్రశ్నకు జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

కాబట్టి మీ ఇన్‌ఛార్జి చెప్పినట్టు రాసేటప్పుడు “సేవలు చాలా బాగున్నాయి” అన్న మాటను కథగా లెక్కపెట్టకండి. రోగి చెప్పినదానికీ ఆ రోజు మీ నోట్సుకూ ఎక్కడ పొంతన కుదరలేదో ఆ చోటు వెతకండి. పది మంది చెప్పినవాటిలో ఒక్క చోట దొరికినా మీ శ్రమ దండగ కాదు.

ప్రశ్న: నేను నర్సింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిని. రోగితో మాట్లాడమంటారు గాని ఏమని మొదలుపెట్టాలో తెలియదు. “ఎలా ఉన్నారు?” అంటే “బాగానే ఉన్నాను” అంటారు. అంతటితో మాట అయిపోతుంది. పైగా మాకు ఒక్కో రోగి దగ్గర అయిదు నిమిషాలు కూడా దొరకవు.

జవాబు: “ఎలా ఉన్నారు?” అన్నది మర్యాద కోసం అడిగేది. దానికి మర్యాదగానే జవాబు వస్తుంది. ఏదో ఒక సమయాన్ని పట్టుకుని అడిగి చూడండి: “నిన్న రాత్రి లైట్లు తీసేశాక ఏం జరిగిందో చెప్పండి.” “ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్ళేముందు బయట ఉంచారు కదా, అప్పుడు మీకు ఏమనిపించింది?” సమయం ఇస్తే మనిషికి సంఘటన గుర్తొస్తుంది, సంఘటన గుర్తొస్తే మాట దానంతట అదే వస్తుంది.

మానసిక వైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లీన్‌మన్ తన సహచరులతో కలిసి 1978లో రోగులను అడగదగిన కొన్ని ప్రశ్నలను ప్రచురించారు. మీకు వచ్చిన ఇబ్బందిని మీరు ఏమని పిలుస్తారు, అది ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, అప్పుడే ఎందుకు మొదలైందంటారు, అది మిమ్మల్ని ఏం చేస్తోంది, దీనిలో మీకు అన్నిటికంటే భయం కలిగించేది ఏమిటి, ఇలా సాగుతాయి ఆ ప్రశ్నలు. అన్నీ వరసగా అడిగితే అది విచారణలా ఉంటుంది. నా అనుభవంలో చివరిదొక్కటే చాలా సందర్భాల్లో సరిపోయింది. రొమ్ము ఆపరేషన్ కోసం వచ్చిన ఒకామెను భయమేమిటని అడిగితే, మత్తు ఇచ్చాక మధ్యలో మెలకువ వస్తుందేమోనని అన్నారు. మేమేమో రెండు రోజులుగా ఆమెకు గాయం, కుట్లు, డ్రెయిన్ గొట్టం గురించి ఓపిగ్గా వివరిస్తున్నాం.

సమయం గురించి మీరు అన్నది నిజమే, కాని మనం అనుకున్నంత నిజం కాదు. 1984లో హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో 74 వైద్య సంప్రదింపులను రికార్డు చేసి పరిశీలించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నట్టు తేలింది. ఆ పరిశీలన డాక్టర్ల గురించే గాని, నర్సులమైన మనం నవ్వుకోవలసిన పని లేదు. థర్మామీటరు నోట్లో పెట్టి “నొప్పి ఎలా ఉంది?” అని అడిగే జాతి మనది. నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడేకంటే కూర్చుని రెండు నిమిషాలు వినండి. డ్రెస్సింగ్ మారుస్తున్నప్పుడు, ఒళ్ళు తుడుస్తున్నప్పుడు, సెలైను చుక్కలు సరిచేస్తున్నప్పుడు చేతులకు పని ఉంటుంది గానీ చెవులు ఖాళీయే. రోగి ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. అయిదారు క్షణాలు ఊరుకుంటే, చాలాసార్లు అసలు మాట ఆ తర్వాతే వస్తుంది.

ప్రశ్న: వార్డు ఇన్‌ఛార్జిగా నెలకోసారి సమావేశంలో రోగుల అనుభవాలు చదివి వినిపిస్తున్నాను. మొన్న ఒకటి చదివాక ఒక స్టాఫ్ నర్సు కన్నీళ్ళు పెట్టుకుంది. తనను అందరి ముందూ నిలబెట్టినట్టుగా ఉందని బాధపడింది. అప్పటి నుంచి మెచ్చుకున్నవే చదువుతున్నాను. ఇది సరైన పనేనా?

జవాబు: సరైన పని కాదు. అయితే మీరు అలా ఎందుకు చేశారో నాకు బాగా అర్థమవుతుంది.

ముందుగా, కథ ఏ షిఫ్టుదో, ఎవరి డ్యూటీలో జరిగిందో తెలిసే అవకాశం ఉంటే దాన్ని వెంటనే చదవకండి. రెండు మూడు నెలలు ఆగి, తేదీలు తీసివేసి, వీలైతే మరో వార్డులోని కథతో కలిపి చదవండి. చర్చను “ఎవరు?” అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టకుండా “ఏ గడియలో? ఆ గడియకు మన వార్డు పరిస్థితి ఏమిటి?” అని మొదలుపెట్టండి. నా ఏడో నంబరు కథనే తీసుకుంటే, ఆ రాత్రి ఇద్దరమే ఉన్నాం, ముగ్గురు కొత్త ఆపరేషన్ రోగులు వచ్చారు, బెడ్‌పాన్లు వార్డుకు ఆ చివరన ఉన్న గదిలో ఉండేవి. ఇవి సాకులు కావు. బెడ్‌పాన్లను ఈ చివరకు మార్చాక విసుగు సగం తగ్గింది.

బ్రిటన్‌లో కేట్ గ్రేంజర్ అనే డాక్టరు కేన్సర్‌తో 2013లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తన దగ్గరికి వచ్చేవారిలో చాలామంది తమ పేరు కూడా చెప్పడం లేదని గమనించారు. తనూ డాక్టరే కనుక అది ఎంత తేలిగ్గా జరిగిపోతుందో ఆమెకు తెలుసు. ఎవరి మీదా ఫిర్యాదుగా మిగిలిపోకుండా, రోగి దగ్గరికి వెళ్ళిన ప్రతివారూ ముందు తమ పేరు చెప్పాలన్న ఉద్యమంగా దాన్ని మలిచారు. 2016లో ఆమె చనిపోయేనాటికి అది అనేక దేశాలకు పాకింది. మీ సమావేశంలో అలాంటి బయటి కథతో మొదలుపెడితే, మనవాళ్ళు తమ సంగతి తామే చెప్పడానికి కొంత ధైర్యం వస్తుంది.

ఇంకొక మాట. ఏడ్చిన ఆ అమ్మాయిని కూడా ఎవరైనా వినాలి. ఊపిరితిత్తుల కేన్సర్‌తో 1995లో మరణించిన కెనెత్ ష్వార్ట్జ్ అనే అమెరికన్ న్యాయవాది, తనకు చికిత్స చేసినవారి చిన్నచిన్న దయాపూర్వకమైన పనులు తన బాధను భరించగలిగేలా చేశాయని రాసుకున్నారు. ఆయన పేరుతో ఏర్పడిన కేంద్రం నడిపే సమావేశాల్లో డాక్టర్లు, నర్సులు, ఇతర సిబ్బంది కూర్చుని తమ పని తమ మనసును ఎలా తాకిందో చెప్పుకుంటారు. అక్కడ ఎవరూ ఎవరికీ పరిష్కారాలు చెప్పరు. తమ మాట వినే చోటు లేని నర్సులను రోగుల మాట వినమనడం, కుండ నింపకుండా నీళ్ళు పోయమన్నట్టే.

ప్రశ్న: ఒక రోగి చెప్పిందని వార్డు పద్ధతి మార్చేయవచ్చా? రేపు ఇంకొకరు దానికి పూర్తిగా విరుద్ధంగా చెబితే?

జవాబు: చెబుతారు. మా దగ్గర అదే జరిగింది. రాత్రి లైట్ల వల్ల కన్ను మూతపడలేదని ఒకాయన చెబితే, ఉత్సాహంతో పది గంటలకల్లా వార్డంతా చీకటి చేసేశాం. వారం తిరక్కముందే మరొకాయన బాత్రూముకు వెళుతూ చీకట్లో కాలు జారి పడ్డారు. అదృష్టం కొద్దీ ఎముకలు విరగలేదు. ఆ తర్వాత మంచాల కింద నేలకు దగ్గరగా చిన్న దీపాలు పెట్టించాం. మొదటే రెండు మంచాల దగ్గర వారం రోజులు చేసి చూసి ఉంటే ఆయన పడేవారు కాదు.

కథ ఎక్కడ చూడాలో చెబుతుంది, ఎంతమందికి ఆ బాధ ఉందో చెప్పదు. ఎంతమందికో తెలియాలంటే అడగాలి, లెక్కపెట్టాలి. వార్డుల్లో రాత్రిపూట శబ్దం 30 డెసిబెల్స్ మించకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు సూచించాయి. మీ వార్డులో ఎంత ఉందో కొలిచి చూడవచ్చు. అయితే మందుల ట్రాలీ చక్రం కిర్రుమన్నప్పుడల్లా తనకే ఇంజెక్షన్ వస్తోందని ఒకావిడ ఉలిక్కిపడుతున్న సంగతి ఏ మీటరూ పట్టుకోలేదు. ఆ చక్రానికి రెండు చుక్కల నూనె వేయడానికి మాత్రం ఎవరి లెక్కలూ అక్కర్లేదు.

మరొక జాగ్రత్త ఉంది. బాగా మాట్లాడగలవారి కథలే మన చెవిన పడతాయి. భాష రానివారు, పక్షవాతంతో మాట పోయినవారు, మతిమరుపు ఉన్నవారు, సిగ్గరులు ఏమీ చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోతారు. నెల తిరిగేసరికి మీ పుస్తకంలో ఎవరివి లేవో చూసుకుని, వారి దగ్గరికి కావాలని వెళ్ళండి.

ప్రశ్న: మాది ఐసీయూ. రోగులు వెంటిలేటర్ మీద, మత్తులో ఉంటారు. తేరుకోగానే వార్డుకు పంపేస్తాం. మాకు కథలు ఎక్కడివి?

జవాబు: మీ రోగుల దగ్గరే అందరికంటే వింత కథలుంటాయి, అవి మీరు వినకముందే గది మారిపోతాయి. ఐసీయూ నుంచి బయటపడినవారిలో కొందరు, తమను ఎవరో ఎత్తుకుపోయి కట్టేశారని, గొంతులో గొట్టంతో చంపబోయారని చెబుతారు. గొట్టాలు పీకేసుకోకుండా మనం చేతులకు కట్టిన కట్టు, కఫం తీయడానికి వేసిన సక్షన్ గొట్టం, మందుల మత్తు, డెలీరియం (జబ్బు తీవ్రతలో కొన్నాళ్ళు మతి చెదిరి భ్రమలు కలగడం) అన్నీ కలిసి వారికి అలా అందుతాయి. మనకు అది రోజువారీ పని.

ఇందుకు పుట్టిందే ఐసీయూ డైరీ. స్కాండినేవియా దేశాల్లో నర్సులు దీన్ని ముందుగా వాడుకలోకి తెచ్చారు. రోగి మత్తులో ఉన్న రోజుల్లో ఏం జరిగిందో నర్సులూ కుటుంబసభ్యులూ అతనితోనే మాట్లాడుతున్నట్టు తేలిక మాటల్లో రాస్తారు: “ఈ రోజు మీ అమ్మాయి వచ్చి చాలాసేపు మీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. మీకు దగ్గు ఎక్కువైతే గొంతులో గొట్టం శుభ్రం చేశాం, అప్పుడు మీరు మొహం తిప్పుకున్నారు.” 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆరు ఐరోపా దేశాల ఐసీయూల్లో ఉండి వచ్చిన 352 మందిలో, డైరీ ముందుగా అందినవారిలో కొత్తగా పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత కూడా మనసును వెంటాడే మానసిక సమస్య) వచ్చినవారు 5 శాతం, ఆలస్యంగా అందినవారిలో 13 శాతం ఉన్నారు. 2019లో ఫ్రాన్సులో జరిగిన మరో పెద్ద అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి డైరీని మందులా మాత్రమే కాకుండా, రాసే నర్సుకు పాఠంలా కూడా చూడమంటాను. “సక్షన్ చేశాం” అని చార్టులో రాసే చెయ్యి “మీరు మొహం తిప్పుకున్నారు” అని రాయవలసివస్తే, ఆ మొహాన్ని చూడక తప్పదు. రోగి వార్డుకు మారిన తర్వాత రెండో రోజో మూడో రోజో మీలో ఒకరు వెళ్ళి పదినిమిషాలు కూర్చుని రండి. ఏం గుర్తుందని అడగండి.

ప్రశ్న: రోగి చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి మా నర్సుల వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా? పేరు చెప్పడం లేదు.

జవాబు: పెట్టకూడదు. పేరు లేకపోయినా గొంతు ఉంటుంది, జబ్బు ఉంటుంది, మంచం ఉంటుంది. రాసుకోవాలన్నా ముందు అనుమతి అడగండి. ఎందుకో, ఎవరు చదువుతారో చెప్పండి. వద్దంటే చికిత్సలో ఏ తేడా రాదని చెప్పి, నిజంగానే రాకుండా చూడండి. ఇవాళ సరేనన్నవారు రేపు వద్దంటే చించెయ్యండి.

ప్రశ్న: నేను నర్సును కాను. మా నాన్నగారు మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. కొన్ని మంచివి, కొన్ని బాధపెట్టినవి జరిగాయి. రాసి ఇస్తే గొడవ పెట్టుకున్నట్టు ఉంటుందేమోనని ఆగిపోయాను. రాయమంటారా?

జవాబు: రాయండి. 2001లో అమెరికాలో జోసీ కింగ్ అనే పద్దెనిమిది నెలల పాప, కాలిన గాయాల నుంచి కోలుకుంటూ ఉండగా, ఒంట్లో నీరు తగ్గిపోవడం వల్లా, ఇవ్వకూడని మత్తుమందు ఇవ్వడం వల్లా చనిపోయింది. పాప దాహంతో అల్లాడుతోందని తల్లి సోరెల్ కింగ్ ముందే గమనించి చెబుతూనే ఉన్నారు. తర్వాత ఆమె కోపాన్ని దిగమింగుకుని ఆసుపత్రులకు వెళ్ళి డాక్టర్లకు, నర్సులకు ఆ కథ స్వయంగా చెప్పారు. ప్రమాదం అనిపిస్తే కుటుంబసభ్యులే నేరుగా అత్యవసర బృందాన్ని పిలిచే ఏర్పాటు కొన్ని ఆసుపత్రుల్లో రావడానికి ఆ కథ కూడా ఒక కారణం. మంచం పక్కన రోజంతా కూర్చునేది మీరే కనుక, మూడు షిఫ్టుల నర్సులు ముక్కలుగా చూసేది మీకు ఒక్కటిగా కనిపిస్తుంది.

రాసేటప్పుడు “నిర్లక్ష్యం చేశారు” అని రాస్తే చదివేవారు తమను కాపాడుకునే పనిలో పడతారు. “మంగళవారం రాత్రి పదకొండు గంటలకు నాన్నగారు నొప్పి అన్నారు, నేను టేబుల్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను, ఇంజెక్షన్ ఒంటిగంటకు వచ్చింది, ఆ రెండు గంటలూ ఆయన మంచం కమ్మీ పట్టుకుని కూర్చున్నారు” అని రాస్తే, ఆ రెండు గంటలు ఎక్కడ పోయాయో వెతుకుతారు. మంచి జరిగినచోట కూడా ఇంతే వివరంగా రాయండి. ఏ సిస్టర్ ఏం చేస్తే నాన్నగారికి నిద్రపట్టిందో రాస్తే, మిగతావారూ అది చేయగలుగుతారు. నాన్నగారు చెప్పగలిగే స్థితిలో ఉంటే ముందు ఆయనను అడగండి. మీరు బాధపడిన చోటు, ఆయన బాధపడిన చోటు వేరు కావచ్చు.